లేపడానికి నంబరు లేదు

నూకరత్నం భర్త అప్పలసూరి పద్నాలుగు నెలల క్రితం పిలుపుల కార్యాలయం మూడో అంతస్తులో ఒక బెంచీ మీద వేచి ఉండడానికి కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఆగిపోయాడు. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. వేచి ఉండడం ఆ ఊళ్లో అరవై ఒకటో నంబరు పిలుపు. పట్టికలో ఉన్న మూడు వందల పన్నెండు పిలుపుల్లోకీ ఏ లోపమూ లేకుండా పనిచేసేది అదొక్కటే. అలా కూర్చున్న మనిషికి ఆకలి వేయదు, గడ్డం పెరగదు, వయసు మీద పడదు. దుమ్ము మాత్రం పడుతుంది. శుక్రవారం శుక్రవారం ఊడ్చే ఆమె వచ్చి తడిగుడ్డతో అందరి మొహాలూ తుడిచి వెళ్తుంది.

పదకొండేళ్ల క్రితం ఆ రేవు పట్నాన్ని కంప్యూటరు నడిచినట్టు నడపాలని పైవాళ్లు తీర్మానించారు. కంప్యూటరులో ఏ ప్రోగ్రామూ సొంత చేత్తో ఒక్క ఫైలు కూడా తెరవలేదట. ఏం కావాలన్నా లోపల కూర్చున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను నంబరు చెప్పి పిలవాలి, అది చేసిపెడితే అయినట్టు, లేకపోతే లేదు. దాన్ని సిస్టమ్ కాల్ అంటారు. మెషీన్‌కి ఉన్న క్రమశిక్షణ మనుషులకెందుకు ఉండకూడదని ఎవరికో తోచింది. తోచినాయన పెద్ద హోదాలో ఉండడం వల్ల అది ఊరంతటికీ అమలైపోయింది.

అప్పట్నుంచీ ఇంటి గడప లోపలి పనులు జనానివి, గడప దాటితే పిలుపులవి. కార్యాలయంలో కిటికీ దగ్గర నిలబడి నంబరు చెప్తే పని దానంతట అది జరిగిపోతుంది. పదిహేడు అంటే మూసిన తాళం ఎక్కడున్నదక్కడే తెరుచుకుంటుంది. రెండు వందల నాలుగు అంటే పొలం సరిహద్దు రాయి లేచి చెప్పిన చోటికి నడిచి వెళ్తుంది. ఎనభై ఎనిమిది అంటే మనిషి పేరు మారుతుంది, ఆ సాయంత్రం నుంచి కన్నతల్లి నోటికి కూడా పాత పేరు రాదు. అరవై రెండు అంటే ముగింపు. ముగించిన మనిషి ఉన్న చోట చెప్పులు మిగులుతాయి, వాటిని నూట పదో పిలుపు మీద ఇంటికి పంపిస్తారు. జనం మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటుపడ్డారు. ఇప్పుడు పెళ్లి చూపుల్లో పిల్లకి పట్టిక ఎన్నో నంబరు దాకా నోటికొచ్చో అడుగుతున్నారు.

అప్పలసూరి రేవులో క్రేను కింద నిలబడి సైగలు చేసే మనిషి. ఎత్తు, దించు, ఆపు అని చేత్తో చెప్తే పైనున్న డ్రైవరు అలా నడుపుతాడు. ఏడాదికోసారి కళ్ల పరీక్ష కాగితం మీద డిప్యూటీ ఇంజనీరు సంతకం కావాలి. ఆ రోజు వెళ్తే "సార్ మీటింగులో ఉన్నారు, కూర్చో" అన్నారు. అప్పలసూరి అరవై ఒకటి చెప్పి కూర్చున్నాడు. ఎవరి కోసం కూర్చున్నాడో ఆ సారే వచ్చి పేరు పెట్టి పిలిస్తే లేస్తాడు, అదీ నియమం. ఆ సారుకు మీటింగులో ఉండగానే బదిలీ అయింది. వారం తిరక్కుండా ఆ కుర్చీనే రద్దు చేశారు. లేని కుర్చీ కోసం కూర్చున్న మనిషిని లేపాల్సింది ఎవరు? కూర్చోబెట్టడానికి అరవై ఒకటి ఉంది, ముగించడానికి ఆ పక్కనే అరవై రెండు ఉంది. లేపడానికి నంబరు లేదు. పట్టిక రాసినవాళ్లకి అలాంటి అవసరం పడుతుందని తోచలేదో, తోచినా మనకెందుకులే అనుకున్నారో, వాళ్లకే తెలియాలి.

తవిటినాయుడు ఆ కార్యాలయంలో భద్రతా ఆడిట్ గుమాస్తా. ఏడో కిటికీ వెనకాల అతని బల్ల. కిటికీ దగ్గర సుగుణకుమారి కూర్చుని పిలుపులు యంత్రానికి ఎక్కిస్తుంది, వెనక తవిటినాయుడు వాటిని రిజిస్టరులో రాస్తాడు. ఎవరు పిలిచారు, ఏ నంబరు, జరిగిందా లేదా. అవే మూడు గడులు. రేపు ఏదైనా గొడవ వస్తే ఎవరు ఏం చేశారో తేలడానికి ఆ రిజిస్టరు. అందులో ఉన్నది జరిగినట్టు, అందులో లేనిది జరగనట్టు. కోర్టు కూడా ఆ మాటే అంటుంది.

నూకరత్నం ఎండుచేపలు అమ్ముతుంది. రోజూ ఉదయం బేరం ముగించుకుని, బుట్ట గేటు బయట పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని పది గంటలకల్లా ఏడో కిటికీ దగ్గరికి వస్తుంది. వచ్చి మూడుసార్లు అడుగుతుంది. పూర్వం ఒకసారి ఏదో కేసులో కోర్టుకి వెళ్లింది, అక్కడ బంట్రోతు పేరు మూడుసార్లు పిలవడం చూసింది. సర్కారు ఏ మాటైనా మూడోసారికి గాని వినదని ఆమె నమ్మకం.

"నంబరు చెప్పమ్మా" అంటుంది సుగుణకుమారి.

"నంబరు నాకేటి తెలుసు తల్లీ. పైన మా మావ కూకుండిపోనాడు. నేపండి."

"లేపడానికి నంబరు లేదమ్మా. నీకు రోజూ చెప్తున్నాను కదా."

"మా మావని నేపండి."

"అయ్యో రామ. లేదమ్మా."

"నేపండి తల్లీ."

మూడుసార్లకీ యంత్రం మూడు చీటీలిస్తుంది. "ఈ పని ఇక్కడ లేదు" అని వాటి మీద ఉంటుంది. నూకరత్నం వాటిని భద్రంగా కొంగున ముడివేసుకుంటుంది. సాయంత్రానికి అక్షరాలు వాటంతటవే చెరిగిపోతాయి. లేని పని కోసం కాగితం ఎందుకు పాడుచేయాలని అలా ఏర్పాటు చేశారు.

పట్టికలో లేనిది ఎవరైనా అడిగితే యంత్రం నంబరు గడిలో మైనస్ ఒకటి వేస్తుంది. చెల్లని పిలుపు అని దానర్థం. అయితే లోపలి గదిలో అంతకన్నా పాత అలవాటొకటి ఉంది. ఎవరైనా పెద్దాయన చేయించుకున్న పని ఆడిట్‌లో కనబడకూడదనుకుంటే, పిలుపు లోపలికి వచ్చాక అసలు నంబరు కొట్టేసి మైనస్ ఒకటి వేస్తారు. అప్పుడు దానర్థం, దీన్ని చూడకు అని. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే తవిటినాయుడికి నేర్పిన పాఠం అది: మైనస్ ఒకటి కనబడితే కలం ఎత్తెయ్. అతను ఎత్తేశాడు. పదకొండేళ్లపాటు ఎత్తేస్తూనే ఉన్నాడు. పెద్దవాళ్లు దాచుకున్నదీ పేదవాళ్లు అడిగి లేదనిపించుకున్నదీ ఒకే గుర్తు కింద కొట్టుకుపోతున్నాయని అతనికెప్పుడూ తట్టలేదు. తట్టేదాకా తెచ్చుకోకపోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

ఆ నెల పదమూడో తేదీన మూడో అంతస్తు శుభ్రత జాబితా సంతకం కోసం అతని బల్ల మీదికి వచ్చింది. ఏడాదికి పైగా కూర్చుని ఉండి, తమ కోసం ఎవరూ రానివాళ్లని ఇరవై రెండో తేదీన అరవై రెండో పిలుపు మీద ముగిస్తారు. తాలూకు మనిషి ఏ చెల్లే పిలుపు పిలిచినా వచ్చినట్టే లెక్క. ఎవరూ రాలేదని రిజిస్టరు చూసి ధ్రువీకరించడమే తవిటినాయుడి పని. జాబితాలో ఆరు పేర్లున్నాయి. మూడో పేరు అప్పలసూరి. పక్కన "మనిషి తాలూకు ఎవరూ రాలేదు" అని టైపు చేసి ఉంది.

తవిటినాయుడు రిజిస్టరు మొదటి పేజీ నుంచీ తిరగేశాడు. నూకరత్నం పేరు ఎక్కడా లేదు. నాలుగు వందల రోజులుగా వానలో ఎండలో వచ్చిన మనిషి, రోజుకి మూడుసార్లు గొంతెత్తి అడిగిన మనిషి, ఒక్కసారి కూడా రాలేదు. కలం ఎత్తేసింది ఎవరో కాదు, తనే.

అతను ఎన్నడూ ఎక్కని మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్లాడు. నలభై ఎనిమిది మంది బెంచీల మీద కూర్చుని ఉన్నారు. అప్పలసూరి కిటికీ పక్కన ఉన్నాడు. ఎడమచేతిలో కళ్ల పరీక్ష కాగితం. కుడిచెయ్యి తొడ మీద కొద్దిగా పైకి లేచి, వేళ్లు కిందికి వంగి, మెల్లగా దించు అని ఎవరికో చెప్తున్నట్టు ఉంది. తవిటినాయుడికి ఏడుపొచ్చింది. చుట్టూ చూసి, కళ్లు తుడుచుకుని కిందికి దిగాడు.

ఆడిట్ అధికారి భానోజీరావు గారు చెడ్డమనిషి కాదు. ఆయన సొంత తమ్ముడే పైన కూర్చుని నాలుగేళ్లయింది. వారానికోసారి ఆయన వెళ్లి తమ్ముడి కాలరు సర్ది, జుట్టు దువ్వి వస్తారు. ఏదో ఒక చెల్లే పిలుపు పిలిచి, తమ్ముడి తరఫున వచ్చినట్టు రిజిస్టరులో పడేలా చూసుకుంటారు.

"సార్, ఈ జాబితాలో మూడో పేరు... ఇతని కోసం మనిషి వస్తోందండి. రోజూ వస్తోంది" అన్నాడు తవిటినాయుడు.

"రిజిస్టరులో ఉందా?"

"లేదండి. నేను చూశానండి."

"నువ్వు చూడ్డం ఏమిటయ్యా! నీ పని రాయడం కదా."

"రాయలేదు కాబట్టే వచ్చానండి. చెల్లని పిలుపుకీ మైనస్ ఒకటే, లోపల కొట్టేసినదానికీ మైనస్ ఒకటే. రెంటికీ కలం ఎత్తేస్తున్నాం. ఒక్క చిన్న మార్పు చాలు సార్. పిలుపు కిటికీ దగ్గర పడగానే అడిగింది అడిగినట్టు ముందు రాసేద్దాం. ఆ తర్వాత లోపల దాన్ని ఏమైనా చేసుకోనివ్వండి."

భానోజీరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముందే రాస్తే, తర్వాత మార్చారని తెలిసిపోదూ?"

"తెలుస్తుందండి."

"తెలిస్తే ఏమవుతుంది?"

తవిటినాయుడు చేతిలోని జాబితా మడత పెట్టాడు.

"ఇంకోటి చెప్తాను విను. లేని పని ఇంతమంది అడిగారని రాశావనుకో, పట్టికలో ఏదో తక్కువైందని రాసినట్టే. పట్టికలో తక్కువైందని రాయడానికి నీ రిజిస్టరులో గడి ఉందా? లేదు కదా. వెళ్లు నాయనా, సంతకం పెట్టి పంపించు. కొత్త బెంచీలు వస్తున్నాయి, చోటు కావాలి."

తవిటినాయుడు సంతకం పెట్టలేదు. అలా అని ఎదిరించనూ లేదు. ఫైలును మిగతా ఫైళ్ల కింద పెట్టి, పైన టీ గ్లాసు పెట్టాడు. తన ఉద్యోగ జీవితంలో అతను చేసిన సాహసాల్లో అదే పెద్దది. రోజులు గడుస్తున్నాయి, నూకరత్నం వస్తూనే ఉంది, మూడుసార్లూ అడిగి వెళ్తూనే ఉంది.

పందొమ్మిదో తేదీన పైనుంచి భద్రతా తనిఖీ బృందం దిగింది. వ్యవస్థలో లోపాలుంటే సిబ్బంది నిర్భయంగా రాసివ్వవచ్చని బోర్డు పెట్టారు. అలాంటి బోర్డులు నమ్మకూడదని తవిటినాయుడికి తెలుసు. తెలిసీ ఆ మధ్యాహ్నం అరపేజీ రాసిచ్చాడు. నూకరత్నం పేరు రాయలేదు. చెల్లని పిలుపులు ఆడిట్‌లో పడటం లేదని మాత్రం రాశాడు.

బృందం నాయకుడు కుర్రవాడు, మంచి తెలివైనవాడు. కాగితం చదివి లేచి నిలబడ్డాడు. "పదకొండేళ్లుగా చెల్లని పిలుపులు ఎక్కడా నమోదు కావడం లేదా? ఎంత పెద్ద రంధ్రమండీ ఇది! పట్టికలో లేనిది అడిగేవాడే కదా అసలు ప్రమాదం. ఉన్నవాటితో సరిపెట్టుకునేవాడితో మనకేం భయం?"

తవిటినాయుడి చెవికి "రంధ్రం" అన్న మాట ఒక్కటే ఎక్కింది. ఒప్పుకున్నారు, ఇంక రాస్తారు, ఆమె పేరు పడుతుంది. ఆ ఆనందంలో మిగతా మాటలు అతను వినలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ పావుకిలో జిలేబీ కూడా కట్టించుకున్నాడు.

ఇరవై ఒకటో తేదీ ఉదయం సర్క్యులర్ వచ్చింది, దాంతోపాటు ఎర్ర అట్ట వేసిన కొత్త రిజిస్టరు. మొదటి పేరా చదివాడు. ఈ రోజు నుంచి చెల్లని ప్రతి పిలుపునూ, అడిగింది అడిగినట్టు, లోపలికి పంపకముందే రాయవలెను. యంత్రం ఇచ్చిన చీటీల లెక్కకు రిజిస్టరు వరసలు సరిపోవలెను. లోపలి గదిలో మార్చిన వాటికి ఇకపై మైనస్ రెండు వేయుదురు, వాటిని మాత్రం చూడనక్కరలేదు. పెద్దవాళ్ల సంగతి పెద్దవాళ్లు చూసుకున్నారు, పోనీలే అనుకున్నాడు. తను అడిగింది అడిగినట్టు వచ్చింది. అంతలో కిటికీ అవతల గొంతు వినబడింది.

"మా మావని నేపండి తల్లీ."

తవిటినాయుడు ఎర్ర రిజిస్టరు తెరిచాడు. పదకొండేళ్లలో మొదటిసారి కలం ఎత్తలేదు. నూకరత్నం, లేపమని, జరగలేదు. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా పడ్డాయి. రెండోసారి అడిగింది. రెండో వరస కూడా అంతే ప్రేమగా రాశాడు. సిరా ఆరేలోగా సర్క్యులర్ పేజీ తిప్పాడు.

రెండో పేరాలో ఇలా ఉంది. ఎర్ర రిజిస్టరులో ఒక మనిషి పేరు మూడుసార్లు పడినచో ఆ మనిషిని వ్యవస్థకు ముప్పుగా భావించి, తక్షణమే, ఇంకొకరి ఉత్తర్వు అవసరం లేకుండా, యంత్రమే అరవై రెండో పిలుపు జరుపును. మూడో పేరాలో ఇంకొంచెం ఉంది. ఎర్ర రిజిస్టరులో పడినవారు కార్యాలయానికి వచ్చినట్టు కాదు. రెండుసార్లు పడినవారు మరునాటి నుంచి ప్రతిరోజూ ఒక చెల్లే పిలుపు పిలిచి తమ నడవడిక నిరూపించుకోవలెను.

కిటికీ అవతల నూకరత్నం మూడోసారికి ఊపిరి పీల్చుకుంటోంది.

"వద్దు! అడక్కు! అమ్మా, నోరు ముయ్యి!" తవిటినాయుడు కుర్చీ తన్నేసి, సుగుణకుమారి భుజం మీదుగా వంగి, కిటికీ తలుపు ధడాలున మూసేశాడు. వేళ్లు నలిగాయి. హాల్లో అందరూ ఇటు తిరిగారు. పెద్దవాళ్లతో ఎన్నడూ గొంతెత్తని మనిషి అంత గట్టిగా అరవగలడని సుగుణకుమారికి అప్పటిదాకా తెలియదు.

అతను పక్క తలుపు లోంచి బయటికి వచ్చి, నూకరత్నాన్ని మంచినీళ్ల కుండ దగ్గరికి తీసుకెళ్లి, అంతా చెప్పాడు. మూడోసారి అడిగితే ఆమె ఉండదు. ఈ రోజు కార్యాలయం మూసేలోగా మంచి రిజిస్టరులో, అంటే పాతదానిలో, ఆమె పేరు పడకపోతే రేపు అప్పలసూరి ఉండడు. నూకరత్నం మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"అయితే, మా మావని నేపమంటే నన్ను సంపేత్తారు. నానేటీ అడక్కపోతే మా మావని సంపేత్తారు. అంతేనా బాబూ?"

"అంతేనమ్మా."

"మరి ఇన్నాళ్లూ అడిగినాను కదా. అవన్నీ ఏటైపోనాయి?"

"రాయలేదమ్మా" అన్నాడు తవిటినాయుడు. ఆగి, ఇంకొంచెం నిజం చెప్పాడు. "నేనే రాయలేదు. అవి గనక రాసి ఉంటే ఈ పాటికి నువ్వు వెయ్యిసార్లు చచ్చిపోయి ఉండేదానివి."

"మంచి పని సేసినావో సెడ్డ పని సేసినావో నాకు తెలవట్లేదు బాబూ."

"నాకూ తెలియట్లేదమ్మా."

"ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?"

"పట్టికలో ఉన్నది ఏదైనా అడుగు. ఏదో ఒకటి. నూట ఆరు ఉంది. టైమెంతయిందని అడగడం. ఎవరైనా అడగొచ్చు, ఎప్పుడూ కాదనరు."

నూకరత్నం అతని మొహంలోకి చూసింది. "టైమా? టైము నాకెందుకు? నాను మనిసి కోసం ఒచ్చినాను బాబూ. పద్నాలుగు నెల్లు మనిసి కోసం తిరిగినాను. ఇప్పుడెల్లి టైమెంతని అడిగితే, పైన మా మావకి తెలిత్తే ఏటనుకుంటాడు?"

ఆమె కుండ దగ్గర చాలాసేపు నిలబడింది. ఒకసారి మెట్ల వైపు నడిచి మళ్లీ వెనక్కి వచ్చింది. నీళ్లు తాగింది. మొహం కడుక్కుంది. ఇంక కార్యాలయం మూసే వేళయిందనగా ఏడో కిటికీ దగ్గరికి వెళ్లి, చువ్వలు రెండు చేతులా పట్టుకుంది.

"నూటారు" అంది. ఆగి, "టైమెంతయింది తల్లీ?" అంది.

"నాలుగూ నలభై" అంది సుగుణకుమారి, ఆమె వంక చూడకుండా.

తవిటినాయుడు మంచి రిజిస్టరులో రాశాడు. నూకరత్నం, నూట ఆరు, జరిగింది. ఆ తర్వాత టీ గ్లాసు కింది ఫైలు తీసి, మూడో పేరు కొట్టేసి, మిగతా ఐదు పేర్లకీ సంతకం పెట్టాడు. ఆ ఐదుగురి కోసం ఎవరైనా వచ్చారో లేదో అతనికి తెలియదు. తెలుసుకోవాలంటే మైనస్ ఒకట్లన్నీ చూడాలి, అవి ఎక్కడా లేవు. మరునాడు ఐదు జతల చెప్పులు ఐదు ఇళ్లకి వెళ్లాయి.

కబురు ఊళ్లో పాకింది. పైన కూర్చున్నవాళ్ల తాలూకు మనుషులు ఒక్కొక్కరే లేపమనడం మానేశారు. ఎవరూ ఎవరికీ గట్టిగా చెప్పలేదు, వరసలో ముందున్నవాళ్లని చూసి వెనకున్నవాళ్లు నేర్చుకున్నారు. మూడు నెలలు తిరిగేసరికి ఎర్ర రిజిస్టరులో కొత్త వరస ఒక్కటీ పడడం లేదు. చెల్లని పిలుపులు లేని ఏకైక నగరమని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది, దాన్ని అద్దం కట్టించి హాల్లో తగిలించారు. లోపం పట్టుకున్నందుకు తవిటినాయుడికి శాలువా కప్పారు. ప్రజల్లో సమయపాలన మీద శ్రద్ధ పెరిగిందని వార్షిక నివేదికలో భానోజీరావు ప్రత్యేకంగా ఒక పేరా రాశారు.

శాలువా అతను ఇంట్లో బీరువాలో పడేశాడు. భార్య అడిగితే చెమట పడుతోందన్నాడు. నిజానికి ఆ ఎర్ర రిజిస్టరు మొదటి పేజీ అతనికి గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేసేది. తన చేతిరాతలో రెండు వరసలు, గుండ్రంగా, ముద్దుగా. ఇంకొక్క వరస ఉంటే ఆ మనిషి ఉండదు.

ఎనిమిది నెలల తర్వాత పట్టిక సవరణ సంఘం నుంచి ఒక ఫారం వచ్చింది. పట్టికలో కొత్త పిలుపులు చేర్చే ఆలోచన ఉందనీ, అన్ని కార్యాలయాలూ అభిప్రాయం పంపాలనీ అందులో ఉంది. నాలుగో ప్రశ్న దగ్గర తవిటినాయుడి చూపు ఆగిపోయింది. "వేచి ఉండి ఆగిపోయినవారిని లేపుటకు కొత్త నంబరు అవసరమా? గత సంవత్సరములో ఈ పనిని ఎందరు అడిగిరి? ఆడిట్ రిజిస్టరు ఆధారముగా తెలుపుడు."

లోపల ఎక్కడో ఒకరికి తట్టింది మరి. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. "ఎర్ర రిజిస్టరులోని పిలుపులు అనుమానాస్పదములు గనుక వాటిని అడిగినట్టు లెక్కించరాదు. రిజిస్టరుకు ఎక్కని పిలుపులు ఎవరివైనా సిబ్బంది దృష్టికి వచ్చి ఉన్నచో పేర్లు జతపరచుడు. అవి నేడు చేసిన పిలుపులుగా భావించి ఎర్ర రిజిస్టరుకు ఎక్కించబడును."

రెండు రోజులు ఆ ఫారం అతని బల్ల మీదే ఉంది. ఆమె అడిగింది అని రాస్తే ఆమె పేరు రాయాలి. పేరు రాస్తే అది మూడోది. ఊళ్లో అడిగినవాళ్లు ఎందరున్నారో వాళ్లందరి పేర్లూ అలాగే రాయాలి. ఎవరూ అడగలేదని రాస్తే నంబరు రాదు. అతను కూడికలు తీసివేతలు చేసినట్టు ఎన్నిసార్లు తిప్పి చూసినా మూడో దారి కనబడలేదు. మూడో రోజు ఉదయం నాలుగో ప్రశ్న ఎదురుగా రాశాడు: "ఎవరూ అడగలేదు. అవసరం కనబడలేదు."

ఫారం భానోజీరావు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కలం మూత తీసి, నాలుగో ప్రశ్న దగ్గర ఆగారు.

"నిజంగా ఎవరూ అడగలేదా నాయుడూ?"

"రిజిస్టరు ప్రకారం లేదండి."

"మీ కిటికీ దగ్గర కూడా?"

"మా కిటికీ దగ్గర టైమే అడుగుతారండి. మీరూ అదే కదా సార్, మీ తమ్ముడు గారి కోసం వచ్చినప్పుడు."

భానోజీరావు తల పైకెత్తలేదు. అలాగే సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేందుకు మెల్లగా ఊదారు.

తవిటినాయుడు తన బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి నూకరత్నం కిటికీ ముందుంది. ఇప్పుడు ఆమె ఒక్కసారే అడుగుతోంది, తడుముకోవడం కూడా మానేసింది.

"నూటారు. టైమెంతయింది తల్లీ?"

"పదిన్నర."

తవిటినాయుడు కలం తీసి జరిగింది అని రాశాడు. నూకరత్నం చువ్వలు వదిలి పక్కకి జరిగింది. ఆమె వెనక వరసలో ఇంకా నలభై మంది దాకా ఉన్నారు, అందరికీ టైమే కావాలి.